సవరణ: యూపీఎస్‌కు బ్యాటరీ నిల్వ వ్యవస్థ ప్రత్యామ్నాయమన్న మాట గురించి

కిలోవాట్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి కొలత) సమానమైతే, కరెంటు పోయినప్పుడు పరికరాలు ఆగకుండా కాసేపు నడిపే యూపీఎస్‌కు బదులు బ్యాటరీ నిల్వ వ్యవస్థను పెట్టుకోవచ్చని క్రితం వ్యాసంలో రాశాను, అది తప్పు. ఆ అంకె ఎంతసేపు నడుస్తుందో చెబుతుందే తప్ప, కరెంటు పోయిన క్షణంలో ఏం జరుగుతుందో చెప్పదు. ఆన్‌లైన్ యూపీఎస్‌లో ఇన్వర్టర్ ఎప్పుడూ లోడును, అంటే దానికి కలిపిన పరికరాలను, మోస్తూనే ఉంటుంది కనుక సరఫరాలో విరామమే ఉండదు. కరెంటు పోయాకే బ్యాటరీకి మారే ఆఫ్‌లైన్ రకంలో ఆ విరామం సాధారణంగా 10 మిల్లీసెకన్ల లోపే. నిల్వ వ్యవస్థల్లో కొన్ని ఇంతకంటే ఆలస్యంగా మారతాయి; గ్రిడ్‌తో (బయటి విద్యుత్ సరఫరా వ్యవస్థతో) కలిసి మాత్రమే పనిచేసేలా అమర్చినవైతే, గ్రిడ్ ఆగగానే భద్రత కోసం తామూ ఆగిపోతాయి. సర్వర్లు, వైద్య పరికరాలు నడిపేవారికి అన్నింటికన్నా ముఖ్యమైన ఈ సంగతిని వదిలేసినందుకు క్షమాపణ కోరుతున్నాను. రోజూ గంటల తరబడి శక్తి తీసుకోవడానికి, నిమిషాల అవసరం కోసం రూపొందించిన యూపీఎస్ తగదన్న మాటలో మాత్రం మార్పు లేదు.