బోర్డుకున్న డబ్బు బోల్టుకు లేదా?

మన జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ఇప్పుడు దేవుడి కంటే ముందు స్పాన్సర్లే దర్శనమిస్తున్నారు. పాలమూరైనా, నల్లగొండైనా కమాను నిండా రియల్ ఎస్టేట్ వెంచర్లు, కాలేజీలు, ఆసుపత్రులు, నగల దుకాణాలు. జాయింట్ వీల్ నడుముకు ఒక ఫ్లెక్సీ, కొలంబస్ పడవ పక్కకు మరొకటి. కంపెనీలు డబ్బు పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బు లైట్లకూ, రంగులకూ, వేలం పాట పాడినవాడి జేబుకూ పోయి, బేరింగుకూ బోల్టుకూ చేరకపోవడం మీదే నా అభ్యంతరం. యంత్రం మీద పేరు వేసుకున్న కంపెనీ ఆ యంత్రం మెయింటెనెన్స్‌కు డబ్బు కట్టి తీరాలి, దాని మంచిచెడ్డలకు జవాబు చెప్పాలి. లేదంటే పేరు తీసెయ్యాలి.

ఈ స్పాన్సర్‌షిప్ మనం కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో 1994లో అప్పటికి ప్రపంచంలోనే ఎత్తైన రోలర్ కోస్టర్ తెరిచినప్పుడు దాని పేరు ‘పెప్సీ మ్యాక్స్ బిగ్ వన్’. 2011లో పెప్సీ పేరు పోయింది. బిగ్ వన్ మాత్రం ఆ తర్వాత కూడా సముద్రపు ఉప్పుగాలిలో తిరుగుతూనే ఉంది. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ మీద కొరియర్ కంపెనీ ఫెడెక్స్ పేరు 1994 నుంచి 2004 దాకా ఉండి, తర్వాత మాయమైంది. ఉక్కుకు వయసు పైబడే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. స్పాన్సర్ మోజు మాత్రం కొత్తలోనే. యంత్రానికి డబ్బు నిజంగా కావాల్సి వచ్చేనాటికి దాని మీద పేరు రాయించుకున్నవాడు కనపడడు. తిరకాసంతా ఇక్కడే ఉంది.

రోలర్ కోస్టర్ బండికి మూడు రకాల చక్రాలుంటాయి. పట్టా మీద బరువు మోసేవి కొన్ని, పక్కనుంచి ఒరుసుకుంటూ దారి తప్పకుండా కాసేవి కొన్ని, పట్టా కిందనుంచి పట్టి బండిని పైకి లేవనీయనివి కొన్ని. బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడు టకటకమని వినపడుతుందే, ఆ చప్పుడు పంటికి పంటికి తగులుతూ పోయే కొక్కేలది. పైకి లాగే గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టుకునేవి అవే. పొద్దున గేటు తెరవకముందే ఖాళీ బండ్లు తిప్పి చూడాలి, ప్రతి సీటు కడ్డీని చేత్తో లాగి చూడాలి. కొంతకాలానికోసారి ఇరుసులు విప్పి, వెల్డింగు అతుకుల దగ్గర కంటికి ఆనని పగుళ్లు వెతకాలి. టికెట్ కొన్నవాడికి ఇందులో ఏదీ కనపడదు. కనపడని పనికి ఫ్లెక్సీ కట్టేవాడు దొరకడు.

పెద్ద కంపెనీ అయితే చాలనుకోవడం భ్రమ. 2003 సెప్టెంబర్ 5న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో బిగ్ థండర్ మౌంటెన్ బండి పట్టాలు తప్పి 22 ఏళ్ల యువకుడు చనిపోయాడు. చక్రాల అమరికను పట్టి ఉంచే బోల్టులు సరిగా బిగించలేదని, అవి వదులు కాకుండా కట్టాల్సిన తీగ కట్టలేదని దర్యాప్తులో తేలింది. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే యంత్రం విరిగిపడి ఇద్దరు చనిపోయారు, పాతికమందికి పైగా గాయపడ్డారు.

నిరుడు మన దగ్గర ఒక జాతరలో జాయింట్ వీల్ ఆగినప్పుడు దగ్గరికెళ్లి చూశాను. జనం కూర్చునే డబ్బాను చక్రానికి పట్టి ఉంచే పిన్ను జారిపోకుండా దాని చివర స్ప్లిట్ పిన్ను ఉండాలి. అక్కడ సెంట్రింగు పనిలో వాడే బైండింగ్ వైరు ముక్క మెలిపెట్టి ఉంది. అదే డబ్బా మీద ప్లాట్ల వెంచర్ స్టిక్కర్, ఫోన్ నంబర్‌తో సహా, కొత్తగా మెరుస్తోంది. స్ప్లిట్ పిన్ను ఖరీదు ఆ స్టిక్కర్ ఖరీదు కంటే ఎక్కువేమీ కాదు.

స్పాన్సర్లను బెదరగొడితే వచ్చే డబ్బు కూడా రాదని, టికెట్ ధర పెరుగుతుందని, చిన్న ఆపరేటర్లు మునుగుతారని నిర్వాహకులంటారు. నాలుగు రోజులు వాన పడితే కూలీలకు ఇవ్వడానికి చేతిలో పైసా లేని ఆపరేటర్లున్న మాట నిజం. భారం ఆపరేటర్ మీద కాక స్పాన్సర్ మీద వేయమనేది అందుకే.

మెయింటెనెన్స్ అంటే మనకున్న ఈ చిన్నచూపు జాతర మైదానంతో ఆగిపోతే ఇంత రాసేవాణ్ని కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. రోలర్ కోస్టర్‌కైనా గొలుసు తెగితే పట్టుకునే కొక్కెం ఉంటుంది. అక్కడ గేటు పోతే నీటిని ఆపే స్టాప్‌లాగ్ ఏర్పాటే లేదు. తాత్కాలికంగా స్టాప్‌లాగ్ దించేలోపు టీఎంసీలకు టీఎంసీలు దిగువకు పోయాయి. ఆ డ్యామ్ మీద ఆశ పెట్టుకున్న రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) ఆయకట్టు రైతులు మన అలంపూర్ వాళ్లే. అంతకు రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబర్‌లో, నిడమనూరు దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండిపడి పొలాలు మునిగాయి. ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినవాళ్ల పేర్లు చలవరాతి మీద ఉంటాయి. గేట్లకు గ్రీజు పెట్టేవాళ్లు, కాలువ గట్టు మీద తిరిగే లస్కర్లు చాలినంతమంది ఉన్నారా అని ఏ సభలోనూ ఎవరూ అడగరు. కొత్తది కట్టడానికి వేల కోట్లు మంజూరవుతాయి, ఉన్నది కాపాడడానికి ఫైలు కదలదు. ఈ రోగం ప్రభుత్వానిదీ, స్పాన్సర్‌దీ, పాట పాడిన కాంట్రాక్టర్‌దీ, అందరిదీ.

డ్యాముల సంగతి మన చేతుల్లో లేకపోవచ్చు, జాతర వేలం షరతులు మాత్రం ఇక్కడి దేవాదాయ శాఖ, పంచాయతీలు, మున్సిపాలిటీలే రాస్తాయి. ఆట యంత్రాల భద్రతకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఐఎస్ 15475 ఎప్పటినుంచో ఉంది, దాన్ని షరతుల్లోకి ఎక్కించాలి. స్పాన్సర్ ఇచ్చే సొమ్ములో నాలుగో వంతు మెయింటెనెన్స్‌కు విడిగా ఒక ఖాతాలో పడాలి. ఆ రోజు తనిఖీ ఎవరు చేశారో, ఏం మార్చారో సంతకంతో టికెట్ కౌంటర్ పక్కన రాసి పెట్టాలి, ఆ బోర్డు స్పాన్సర్ ఫ్లెక్సీకి ఏమాత్రం తగ్గకూడదు. జనానికి ఏం తెలుస్తుందనుకోవద్దు. 2023లో అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే రోలర్ కోస్టర్ స్తంభానికి పడ్డ పగులును పట్టించింది పార్కు చూడ్డానికి వచ్చిన ఒక మామూలు సందర్శకుడు. ఆయన చెప్పాకే దాన్ని ఆపారు.

కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో చెర్వుగట్టు, రెండేళ్లకోసారి పెద్దగట్టు. వీటి వేలం నోటీసు అచ్చయ్యేలోపే ఈ షరతులు అందులోకి రావాలి. పాట ముగిశాక ఏ షరతు పెట్టినా కాంట్రాక్టర్ కోర్టుకెళ్తాడు.