కంటిన్యుటీ వస్తోందట!

ఇప్పుడే గాజువాక నుంచి ఇంటికొచ్చాను. చొక్కా కూడా మార్చుకోకుండా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

వైండింగ్ షాపాయన నేను ఆర్డరిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ బల్ల మీద పెట్టి, మల్టీమీటరు పిన్నులు రెండూ తీగలకి ఆనించాడు. మీటరు కుయ్యిమంది, అంటే తీగ ఎక్కడా తెగలేదని. "చూసేరా సార్, కంటిన్యుటీ వస్తోంది. ఇంకేటి కావాలి?" అన్నాడు.

ఇంకేటి కావాలా? తెల్లకాయితం మీద బొమ్మ గీసి, ఎర్రపెన్నుతో ప్రైమరీ (సిగ్నలు లోపలికొచ్చే చుట్ట), నీలంపెన్నుతో సెకండరీ (బయటికెళ్ళే చుట్ట), ఏ పొర మీద ఏ పొర రావాలో, మధ్య ట్యాప్ (చుట్ట నడిమినుంచి బయటికి లాగే తీగ) ఎక్కడ తియ్యాలో అన్నీ రాసిచ్చాను కదా, అది కావాలి! ఆ కాయితం ఏదయ్యా అంటే టీ గ్లాసు కింద ఉంది. గుండ్రటి మరక సరిగ్గా మధ్య ట్యాప్ మీదే.

నేను కడుతున్నది వాల్వ్ కంప్రెసర్. (నా లిస్టులో ఏసీ మెకానిక్కులు ఎక్కువమంది ఉన్నారు. బాబూ, గ్యాస్ నింపేది కాదు. గొంతు పెద్దదైనప్పుడు తనంతట తానే తగ్గించి, మళ్ళీ మామూలుగా వదిలే పెట్టె.) పాత వేరి-మ్యూ పద్ధతి. వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజుబుడ్డి) గ్రిడ్ మీద, అంటే దాని లోపలి జల్లెడలాంటి తీగ మీద, నెగెటివ్ వోల్టేజి పెరిగేకొద్దీ గెయిన్ (సిగ్నల్ని పెంచే మోతాదు) మెల్లగా జారుతుంది. ఇదేదో విదేశీ మాయ అనుకోకండి. మన తాతల ఇళ్ళలో షెల్ఫు మీద కూర్చున్న రేడియోలు దూరం స్టేషన్ని, దగ్గర స్టేషన్ని ఒకే మోతాదులో వినిపించింది ఈ కిటుకుతోనే. వాటిల్లో ఉండే ఈఎఫ్89 అదే జాతి వాల్వు. ఇంకా వెతికితే దొరుకుతుంది. దొరకనిదల్లా ట్రాన్స్‌ఫార్మర్.

అందరూ వాల్వుల గురించే మాట్లాడతారు. వెనక వెలుగుతాయి కదా, ఫొటోకి బాగుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ నల్లటి ఇనపముద్ద, దాన్నెవడు ఫొటో తీస్తాడు? కానీ పని చేసేది అది. ఇన్‌పుట్ దగ్గర 600 ఓంల నుంచి 15,000 ఓంలకి ఎక్కించేది పెట్టాననుకోండి, చుట్లు ఒకటికి ఐదు. ఇంపీడెన్సు (సిగ్నలుకి ఎదురయ్యే అడ్డు, ఓంలలో కొలిచేది) చుట్ల నిష్పత్తికి వర్గం మరి. అంటే 14 డీబీ గెయిన్ (వోల్టేజి ఐదింతలు) ఊరికే వచ్చినట్టు. హీటరు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. పైగా ఎదురెదురు ఫేజుల్లో రెండు సిగ్నళ్ళు చేసి పుష్-పుల్ (ఒకటి నెడితే ఇంకోటి లాగే జత) వాల్వులకి చెరొకటి పంచేదీ అదే. ఆ రెండు సగాలూ సమానంగా లేకపోతే మొత్తం పథకం గోవిందా.

మరి ఈ మహానుభావుడేం చేశాడు? ప్రైమరీ అంతా అడుగున చుట్టేశాడు, దాని మీద సెకండరీ అంతా చుట్టేశాడు. స్టెబిలైజరుకి చుట్టినట్టు. ఇది కొంచెం, అది కొంచెం, మళ్ళీ ఇది కొంచెం అని పొరలు కలిపి చుట్టమన్నది నా సరదాకి కాదు. అలా చుట్టకపోతే లీకేజి ఇండక్టెన్సు (ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి అందకుండా జారిపోయే అయస్కాంతం వల్ల వచ్చేది) పెరిగి పైస్థాయి శబ్దాలు పోతాయి. తాళాలు, తంబురా, "స" అనే అక్షరం అన్నీ దుప్పటి కప్పుకుంటాయి. అదొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇంగ్లీషు E ఆకారం ఇనపపట్టీలన్నీ ఒకపక్క, I ఆకారం పట్టీలన్నీ ఇంకోపక్క పేర్చి, మధ్యలో కాయితం పెట్టి బిగించాడు! ఒకటి అటు, ఒకటి ఇటు అల్లినట్టు పేర్చమని రాశాను. మధ్యలో సందు వదిలేది డీసీ ఒకే దిక్కున పారే సింగిల్-ఎండెడ్ (ఒంటి వాల్వు) అవుట్‌పుట్‌కి. లైను ఇన్‌పుట్‌లో డీసీ ఎక్కడుంది? సందు పెడితే ఇండక్టెన్సు కుప్పకూలుతుంది. 600 ఓంల మీద 20 హెర్ట్జ్ దగ్గర 3 డీబీకి మించి పడకూడదంటే ప్రైమరీకి దాదాపు 5 హెన్రీలుండాలి. ఇందులో ఎంతుందో కొలిచాను. చెప్పను, నాకే సిగ్గేస్తోంది. మృదంగం పెడితే కంజీరలా మోగుతోంది.

ఆపైన వార్నిష్‌లో ముంచి గట్టిపరిచాడు, విప్పడానికి కూడా లేకుండా. "రాయిలాగుంటది సార్, జన్మలో ఊడదు" అట.

సాయంత్రం మా ఆడియో గ్రూపులో గోడు వెళ్ళబోసుకున్నాను. జవాబులు చూడండి. ఒకాయన: "డాబా గార్డెన్స్‌లో 12-0-12 పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది కదా, తిరగేసి పెట్టెయ్యండి." ధన్యవాదాలు సార్. 50 హెర్ట్జ్‌కి తప్ప ఇంకో లోకం ఎరగని దాన్ని తెచ్చి, కవచం లేకుండా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చోబెడితే అది ముందుగా పట్టుకునేది హమ్మునే (కరెంటు రొద). కంప్రెసర్ కట్టినట్టుండదు, తుమ్మెదని పెంచుకున్నట్టుంటుంది. ఇంకొకాయన ఏకంగా "అసలు ట్రాన్స్‌ఫార్మరెందుకు, ఐసీ పెట్టండి" అన్నాడు. వేరి-మ్యూలో కంట్రోల్ వోల్టేజి రెండు వాల్వులకీ ఒకేసారి తగులుతుంది, రెండింట్లోనూ కరెంటు ఒకేసారి పడుతుంది. ఆ కుదుపు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు సగాల్లో ఎదురెదురుగా కొట్టుకుని మాయమవుతుంది. అందుకే జత కుదిరిన వాల్వులు, సరిసమానమైన సగాలు కావాలని మొత్తుకునేది. లేకపోతే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా వెనకనుంచి ఎవరో తలుపు తన్నినట్టు "ధుబ్" అని వస్తుంది. ఇదంతా టైప్ చేసి పెట్టాను. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు.

మా మేనల్లుడు మరీ. "మావయ్యా, ఫెయిర్‌చైల్డ్ ప్లగిన్ ఉంది కదా, ఎందుకీ కష్టం" అంటాడు. ఒరే నాయనా, ఫెయిర్‌చైల్డ్ 670 అంటే పాత స్టూడియోల వేరి-మ్యూ కంప్రెసర్, ఇరవై వాల్వులు, పదికి పైగా ట్రాన్స్‌ఫార్మర్లు, మొత్తం ముప్ఫై కిలోల బరువు. ఆ ఇనుము వంకర ఎలా ఉంటుందో లెక్కగట్టి నీ ల్యాప్‌టాప్‌లో పెట్టారు. వాళ్ళు కూడా ట్రాన్స్‌ఫార్మర్నే కదరా నకలు కొడుతున్నది!

బయటినుంచి తెప్పించుకోమంటారు. తెలుసండీ. స్వీడన్‌లో లుండాల్, ఇంగ్లండులో సౌటర్, అమెరికాలో జెన్సెన్, సినిమాగ్, పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇన్‌పుట్‌కి నికెల్, అవుట్‌పుట్‌కి సిలికాన్ స్టీలు అని నిర్ణయించుకుని మరీ కూర్చున్నాను. నికెల్ పాళ్ళు ఎక్కువున్న మ్యూమెటల్ చిన్న సిగ్నల్ని కూడా వదలదు గానీ 0.8 టెస్లా (అయస్కాంత సాంద్రత కొలత) లోపే చేతులెత్తేస్తుంది. స్టీలు దానికి రెండింతలు మోస్తుంది. అన్నీ బానే ఉన్నాయి. కిందటిసారి ఒక జత తెప్పిస్తే కొరియర్ నుంచి ఫోన్. "సార్, ట్రాన్స్‌ఫార్మర్ అని ఉంది, ఎన్ని కేవీఏ?" అగ్గిపెట్టెలో పట్టే వస్తువయ్యా! సబ్‌స్టేషన్ పెడుతున్నానని అనుకున్నాడో ఏమో, ఆధార్, పాన్, బిల్లు, బిల్లుకి వివరణ, వివరణకి సంతకం. చివరికి కట్టిన సుంకంతో ఇక్కడ ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేది, ఇక్కడ చుట్టేవాడంటూ ఉంటే.

ఉండేవాళ్ళు. నా కడుపుమంటంతా అక్కడే.

అనకాపల్లిలో మా చిన్నాన్నకి మైకుసెట్టు ఉండేది. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర, చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, ఎలక్షన్లు, అన్నిటికీ ఆయనవే గొట్టాలు. ఈఎల్34 వాల్వుల ఆంప్లిఫయరు, దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నా తలకాయంత. మైకు ఇన్‌పుట్‌కి వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, గుండ్రటి మ్యూమెటల్ డబ్బాలో. అది పాడైతే చుట్టిచ్చే ముసలాయన ఒకడు సందు చివర ఉండేవాడు, చుట్లు నోటితో లెక్కపెట్టేవాడు. "చిన్నాన్నా, అమ్మేటప్పుడు నాకు చెప్పు, నువ్వడిగినంత ఇస్తాను" అని ఎన్నోసార్లు చెప్పాను. సరేలేరా అనేవాడు. సంక్రాంతికి వెళ్ళి చూస్తే షెడ్డు ఖాళీ. పాతసామాన్ల బండివాడికి వేసేశాడు! ఎంతకి? రాగి ధర లెక్కన, కిలోల్లో తూచి! వాడు అక్కడే సుత్తితో కొట్టి, ఇనుము వేరు, రాగి వేరు చేసుకుపోయాడట. పాపం తూకానికి సులువవుతుందని చిన్నాన్నే సుత్తి ఇచ్చాడట.

మ్యూమెటల్ డబ్బా ఒకటి మాత్రం మిగిలింది. పిన్ని దేవుడి మూల అగరొత్తులు గుచ్చుకుంటోంది. నాకిచ్చెయ్యి పిన్నీ అంటే "దేవుడి దగ్గర వస్తువు అడక్కూడదు బాబూ" అంది. ఇచ్చినా లాభం లేదు లెండి, సుత్తి దెబ్బలు తిన్న మ్యూమెటల్ దేనికీ పనికిరాదు, మళ్ళీ హైడ్రోజన్ కొలిమిలో కాల్చి చల్లార్చాల్సిందే. ఆ కొలిమి ఏ గాజువాకలో ఉంది?

మాకు డబ్బు అవసరమొచ్చి అమ్మాడా అంటే అదీ కాదు. షెడ్డులో బండి పెట్టుకోడానికి. ఆ బండి ఇప్పటికీ వీధిలోనే ఉంటుంది, ఎందుకంటే షెడ్డులో ఇప్పుడు కొబ్బరిమట్టలున్నాయి.

కాబట్టి విశాఖ, అనకాపల్లి, విజయనగరం వైపు ఎవరింట్లోనైనా పాత మైకుసెట్టు ఆంప్లిఫయరు, వాల్వు రేడియో మూలనపడి ఉంటే ఇన్‌బాక్సులో చెప్పండి. పాడైపోయినా సరే. రాగి ధర మీద రెట్టింపు ఇస్తాను, బండి నేనే తెచ్చుకుంటాను. డబ్బా మీద ఎవరూ సుత్తి వెయ్యొద్దు, స్క్రూలు కూడా విప్పొద్దు, దణ్ణం పెడతాను. గ్రూపులో ఉన్న 12-0-12 పెద్దమనిషి ఇక్కడ కూడా ఉన్నారని తెలుసు, వారు కామెంటు పెట్టనక్కర్లేదు.

చిన్నాన్న ఈ మధ్యే ఫేస్‌బుక్‌లో చేరాడు, ఇది చదువుతాడని మా ఆవిడ భయపడుతోంది. చదవనీ.