రాయితీ సరే, రావాల్సిన బాకీ సంగతేంటి?

తిరుపతి నుంచి శ్రీసిటీ దాకా ఒకసారి వెళ్లొస్తే మన ప్రాంతంలో పరిశ్రమలు లేవని ఎవరూ అనలేరు. కరకంబాడిలో అమరరాజా, రేణిగుంట, ఏర్పేడు వైపు సెల్‌ఫోన్లు, టీవీ ప్యానెళ్లు తయారయ్యే ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు, శ్రీసిటీలో ఏసీల నుంచి చాక్లెట్ల దాకా చాలానే ఉన్నాయి. 2025 మేలో ఎల్‌జీ సంస్థ 5 వేల కోట్ల రూపాయల ప్లాంటుకు అక్కడే శంకుస్థాపన చేసింది. మొదటి పేజీలో వచ్చే వార్తలు ఇవే. ఇలాంటి ఫ్యాక్టరీల చుట్టూ అట్టపెట్టెలు చేసేవాళ్లు, రేకును ప్రెస్సు కొట్టి ఇచ్చేవాళ్లు, ప్లాస్టిక్ మౌల్డింగు షెడ్లవాళ్లు, వెల్డింగు ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరి షెడ్డు మూతపడితే జిల్లా పేజీలో కూడా రాదు. షట్టరు మీద 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు పడుతుంది, అంతే.

వీళ్లను ప్రభుత్వాలు పట్టించుకోవడం లేదనడం అన్యాయం. రాష్ట్రం 2024 అక్టోబరులో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) విధానం 4.0 తెచ్చింది. ఇంటికో పారిశ్రామికవేత్త అంది. నియోజకవర్గానికొకటి చొప్పున 175 ఎంఎస్ఎంఈ పార్కులు కడతామంది. 2025 మే 1న నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర నారంపేటలో వాటి ప్రారంభోత్సవాలు మొదలయ్యాయి. కేంద్రం వైపు చూస్తే కొత్త యూనిట్లు పెట్టుకునేవాళ్లకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకం కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు, అందులో 15 నుంచి 35 శాతం సబ్సిడీ. ముద్ర రుణాలు 20 లక్షలకు పెరిగాయి. తాకట్టు లేకుండా ఇచ్చే రుణాలకు హామీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 5 కోట్లు కాస్తా 10 కోట్లయింది.

బాగానే ఉంది. కానీ ఇవన్నీ పురుడు పోసే పథకాలు. పుట్టిన యూనిట్ మూడో ఏడో నాలుగో ఏడో ఎందుకు చచ్చిపోతోందన్న ప్రశ్న దగ్గరికి వీటిలో ఒక్కటీ పూర్తిగా రాదు. నా లెక్కలో దానికి మొదటి కారణం చాలాచోట్ల ఒక్కటే: సరుకు ఇచ్చారు, డబ్బు రాలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహించిన లెక్కే గానీ ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్తేమీ కాదు. ఒక ప్రెస్సు షాపు నెలకు 20 లక్షల సరుకు పెద్ద కంపెనీకి వేస్తుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు 23 లక్షల 60 వేలు. డబ్బు వచ్చేది నాలుగు నెలలకు. అంటే ఎప్పుడు చూసినా 94 లక్షలు అవతల ఇరుక్కుని ఉంటాయి. రేకు అమ్మే డీలరు నాలుగు నెలలు ఆగడు. పనివాళ్లకు ఒకటో తారీఖున జీతం పడాలి. కరెంటు బిల్లు కట్టకపోతే కనెక్షన్ పీకేస్తారు. అన్నిటికంటే కడుపు మండేది జీఎస్టీ దగ్గర. ముడిసరుకు కొన్నప్పుడే కట్టిన పన్ను (ఇన్‌పుట్ క్రెడిట్) పోను మిగతా పన్ను తర్వాతి నెలలోనే కట్టాలి. కంపెనీ నుంచి పైసా రాకపోయినా సరే, చేతి నుంచే కట్టాలి.

ఆ 94 లక్షలకు బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మీద 11 శాతం వేసుకున్నా ఏడాదికి 10 లక్షల పైన వడ్డీ. బ్యాంకు లిమిట్ చాలకపోతే బయటి వడ్డీ, దాని లెక్క చెప్పక్కర్లేదు. అదే డబ్బు 45 రోజుల్లో వచ్చేస్తే ఇరుక్కునేది 35 లక్షలే, వడ్డీ 4 లక్షల లోపే. ఏటా ఆరున్నర లక్షలు మిగులుతాయి. పీఎంఈజీపీలో అత్యధికంగా వచ్చే సబ్సిడీ ఒకేసారి 17 లక్షల 50 వేలు. సమయానికి బిల్లు వస్తే చాలు, మూడేళ్లలో అంతకు మించి మిగిలిపోతుంది. దీనికి ఖజానా నుంచి రూపాయి కూడా తీయనక్కర్లేదు.

చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే 90 రోజుల్లో తేల్చాలి. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందే కట్టాలి. ఇంత పదునైన చట్టం చేతిలో ఉండీ చిన్న యజమాని వాడుకోడు. ఎందుకు వాడుకోడో రేణిగుంటలో ఏ షెడ్డువాళ్లను కదిపినా అర్థమవుతుంది. బిల్లు కోసం కేసు వేస్తే ఆర్డరు పోతుంది. ఉన్న కస్టమర్లే ఇద్దరో ముగ్గురో అయినప్పుడు వాళ్లలో ఒకరి మీద ఫిర్యాదు అంటే షాపు మూసుకోవడానికి సిద్ధపడటమే. వ్యాపారం ఎత్తేసినవాడో, కస్టమరుతో పూర్తిగా చెడినవాడో కౌన్సిల్ మెట్లెక్కుతాడు.

ఈ పిరికితనాన్ని అర్థం చేసుకునే కేంద్రం 2023లో అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన పెట్టింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోవడానికి లేదు, ఎప్పుడు చెల్లిస్తే అప్పుడే. ఫిర్యాదుదారు లేకుండానే పనిచేసే నిబంధన కాబట్టి ఇన్నేళ్లలో వచ్చిన మంచి ఆలోచన ఇదేనంటాను. దానికీ విరుగుడు కనిపెట్టారు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) లేనివాళ్ల దగ్గరే కొంటామనడం, ఉన్నవాళ్లను రద్దు చేసుకోమనడం దేశమంతా వినిపించింది. ఇంకో చిక్కు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆదాయపు పన్ను కట్టని కొనుగోలుదారుకు ఈ నిబంధనతో భయమేముంది? ప్రభుత్వ శాఖలు పన్ను కట్టవు. అంటే ఆలస్యానికి పేరుపడ్డ కొనుగోలుదారే వల బయట ఉన్నాడు.

ప్రభుత్వం బాకీ పడేది కొన్న సరుకుకే కాదు, తాను ఇస్తానన్న రాయితీకి కూడా. 2020 మేలో కరోనా సమయంలో అప్పటి ప్రభుత్వం 'రీస్టార్ట్' పేరుతో 1,110 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో సుమారు 900 కోట్లు కొత్త సాయం కాదు. 2014-15 నుంచి చిన్న పరిశ్రమలకు ఇవ్వాల్సిన పాత రాయితీల బకాయి. పార్టీ ఏదైనా ఇదే తంతు. ఒకరు విధానం ప్రకటిస్తారు, ఇంకొకరు బకాయి తీర్చి దాన్నే ప్యాకేజీ అంటారు, ఈలోగా కొత్త బకాయి పేరుకుంటుంది. రాయితీ వస్తుందని లెక్కేసుకుని అప్పు చేసినవాడు ఆ అయిదారేళ్లు ఎలా బతికాడో ఏ జీవోలోనూ ఉండదు. 2025 నవంబరులో విశాఖ సదస్సులో ముఖ్యమంత్రి పెట్టుబడిదారుల రాయితీలకు ఎస్క్రో ఖాతా, అంటే ఆ సొమ్మును విడిగా పక్కన పెట్టే ఖాతా, పెడతామన్నారు. మంచిదే. మరి వేల కోట్లు తెచ్చే కంపెనీ కంటే ముందు ఆ ఖాతా అవసరం ఉన్నది 30 లక్షల రాయితీ కోసం జిల్లా పరిశ్రమల కేంద్రం చుట్టూ తిరిగేవాడికి కాదా?

ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమూ ఉంది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమల కరెంటు మీద సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక్కసారిగా రూపాయికి పెరిగింది. కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి మనవాళ్లకు నిరసన తెలపడానికైనా దూరాభారం లేకుండా పోయింది.

ఇక చిత్తూరు మామిడి గుజ్జు సంగతి. బాకీ ఒక జిల్లాను మొత్తంగా ఎలా కుదిపేస్తుందో చూడాలంటే 2025 సీజన్‌ను మించిన ఉదాహరణ లేదు. తోతాపురి ధర పడిపోయింది. బంగారుపాళెం, గుడిపాల వైపు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు టోకెన్ల కోసం బారులు తీరాయి. ఎండకు కాయ ట్రాక్టర్లోనే మెత్తబడింది. పక్క రాష్ట్రాల కాయ రాకుండా జిల్లా యంత్రాంగం ఆంక్షలు పెడితే కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాశారు. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని తేల్చారు. తర్వాత కేంద్రం 1.62 లక్షల టన్నులకు మార్కెట్ జోక్యం పథకం కింద సగం భారం భరిస్తానంది. ప్రభుత్వం వంతు 4 రూపాయల కంటే ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన 8 రూపాయల దగ్గరే రైతుకు ఎక్కువ తంటా వచ్చింది. దాని కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది.

అప్పుడు అందరూ ఫ్యాక్టరీలను తిట్టారు. వాటిలో తిట్టదగినవి లేకపోలేదు. అయితే చిన్న గుజ్జు ఫ్యాక్టరీ నడిచే తీరు కూడా చూడాలి. దాని ఉత్పత్తి ఏడాదిలో రెండు నెలలు. కాయ కొనాల్సింది జూన్, జూలైల్లో, చేతిలో డబ్బుతో. డ్రమ్ముల్లో నింపిన గుజ్జు అమ్ముడయ్యేది ఏడాదంతా, కొనేవాళ్లు జ్యూస్ కంపెనీలు, ఎగుమతిదారులు. వాళ్లు అంతకు ముందు ఏడాది సరుకు ఎత్తకపోతే గోదాము నిండి ఉంటుంది, బ్యాంకు లిమిట్ కూడా నిండి ఉంటుంది. ఆ స్థితిలో కొత్త సీజన్ వచ్చి గేటు ముందు నిలబడుతుంది. రైతు బాకీ ఫ్యాక్టరీ మీద, ఫ్యాక్టరీ బాకీ పై కొనుగోలుదారు మీద. ప్రభుత్వం ఈ గొలుసులో చిట్టచివరి కడియాన్ని పట్టుకుని 4 రూపాయలు కట్టింది. అది అవసరమే, కాదనను. అయితే మొదటి కడియం జోలికి ఎవరూ పోలేదు. జ్యూస్ కంపెనీలు సీజన్‌కు ముందే ఎంత కొంటాయో రాతపూర్వకంగా ఒప్పుకుని, కొంత అడ్వాన్సు ఇచ్చేలా ఏప్రిల్‌లోనే కూర్చోబెట్టి ఉంటే జూలైలో పడ్డ భారం ఇంత ఉండేది కాదు. పండ్ల గుజ్జు పానీయాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5కు తగ్గింది. ఆ లాభంలో ఎంత కింది దాకా దిగుతుందో చూడాలి.

పెద్ద కంపెనీలకూ వాళ్ల వాదన ఉంది. నాణ్యత తేడా వస్తే సరుకు వెనక్కి పంపాలి, అప్పటిదాకా బిల్లు ఆపుతామంటారు. నిజమే, మన షెడ్లలో కొలతలు తప్పే సరుకూ వస్తుంది. సగం అమ్మకం బిల్లు లేకుండా సాగించి, మిగతా సగానికి చట్టం కాపాడాలనే యజమానులూ ఉన్నారు. నగరి, పుత్తూరు మరమగ్గాల్లో కూలి నేత నేసేవాళ్లలో రిజిస్ట్రేషన్ లేనివాళ్లను ఈ చట్టం గుర్తించనే గుర్తించదు. ఇవన్నీ సరిదిద్దుకోవాల్సినవే. కానీ సరుకు సరిపోయిందని రసీదు ఇచ్చాక కూడా తొంభై రోజులు ఆపడానికి నాణ్యత కారణం కాదు.

చిన్నవాళ్లకు రక్షణ ఇవ్వడమంటే ఎదగకుండా కట్టేయడం కాకూడదన్న పాఠం కూడా మన దగ్గరే ఉంది. 1967లో చిన్న పరిశ్రమలకు కొన్ని వస్తువులు రిజర్వు చేయడం మొదలుపెట్టి ఆ జాబితాను 800 దాటించాం. చివరి 20 వస్తువులను 2015లో గానీ తీసేయలేదు. పెరిగితే రక్షణ పోతుంది గనక పెరగకుండా ఉండటమే తెలివి అనిపించిన రోజులవి. అదే కాలంలో, 1985లో మొదలైన అమరరాజా టెలికాం, రైల్వేలకు బ్యాటరీలు సరఫరా చేస్తూ పెరిగి, ఆ తర్వాత కార్ల బ్యాటరీల్లోకి వెళ్లింది. దాన్ని ఆర్డర్లు, వాటి తాలూకు చెల్లింపులు నడిపించాయి. దేశ ఆదాయంలో దాదాపు 30 శాతం, ఎగుమతుల్లో 45 శాతం ఎంఎస్ఎంఈల నుంచే వస్తోందని కేంద్రమే చెబుతోంది. ఆ వాటా ఇంకా పెరగాలంటే కొత్త షెడ్డు కన్నా ఉన్న షెడ్డులో రెండో షిఫ్టు నడవడం దగ్గరి దారి. రెండో షిఫ్టుకు కావాల్సింది చేతిలో డబ్బు.

మరి చేయగలిగిందేమిటి? టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు బిల్లుల మీద ముందుగా డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల్లో చేరాలని కేంద్రం 2024లో చెప్పింది. బిల్లును కంపెనీ అక్కడ ఒప్పుకుంటే బ్యాంకు వెంటనే డబ్బు ఇస్తుంది, గడువుకు కంపెనీ బ్యాంకుకు కడుతుంది. చేరడం తప్పనిసరే గానీ ప్రైవేటు కంపెనీ ప్రతి బిల్లునూ అక్కడ పెట్టి తీరాలని లేదు. రాష్ట్రం భూమి, కరెంటు, పన్ను రాయితీ ఇచ్చి తెచ్చుకుంటున్న కంపెనీలకైనా ఈ షరతు పెట్టొచ్చు కదా: స్థానిక చిన్న యూనిట్ల బిల్లులన్నీ ట్రెడ్స్‌లో పెట్టండి, ఆ లెక్క చూపించాకే మీ రాయితీ విడుదలవుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి 25 శాతం కొనాలన్న 2012 నాటి విధానం కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకే వర్తిస్తుంది. మన దగ్గర అంతకంటే దగ్గరి కొనుగోలుదారు టీటీడీ. కవర్లు, పెట్టెలు, పాత్రలు, స్టీలు సామాను లాంటివి జిల్లాలోని చిన్న యూనిట్లు చేయగలిగినవే. అలాంటి కొనుగోళ్లకు తనంతట తానే ఒక వాటా, 45 రోజుల గడువు ప్రకటిస్తే మిగతా సంస్థలకు తప్పించుకునే దారి ఉండదు.

జిల్లా స్థాయిలో దీనికి కొత్త కమిటీ కూడా అక్కర్లేదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పరిశ్రమల, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ ఎలాగూ కూర్చుంటుంది. ఎన్ని అనుమతులు ఇచ్చాం, ఎన్ని రాయితీలు మంజూరు చేశాం అన్నది అక్కడ చూసుకుంటారు. అదే కాగితంలో ఇంకో రెండు గళ్లు గీయొచ్చు. మంజూరైన రాయితీలో నిజంగా ఖాతాలో పడింది ఎంత, ప్రభుత్వ శాఖల దగ్గర 45 రోజులు దాటిన చిన్న యూనిట్ల బిల్లులు ఎన్ని. ఆ రెండు గళ్లు నింపి బయట పెట్టే మొదటి జిల్లా తిరుపతో చిత్తూరో అయితే సంతోషం.