ఒక్క కేబుల్, ఒక్క స్ప్లిటర్‌తో గదిగదికీ హెచ్‌డీ రాదు

ఇంట్లో రెండో టీవీయో మూడో టీవీయో పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఎవరో ఒకరు పంపే సలహా ఒకటుంది. అది ఇలా సాగుతుంది: "డిష్ నుంచి ఒకే కేబుల్ దింపండి. కింద స్ప్లిటర్ పెట్టి ఎన్ని గదులుంటే అన్ని బాక్సులకు పంచండి. బొమ్మ ఆగిపోతుంటే యాంప్లిఫయర్ తగిలించండి. లేదంటే ఒకే బాక్సు పెట్టి హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో అన్ని టీవీలకూ ఇవ్వండి. దూరపు గదికి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు లాగినా చాలు, టీవీ హెచ్‌డీ అయితే బొమ్మా హెచ్‌డీయే. ఎక్కువ అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీలు, స్విచ్‌లు అమ్ముకునేవాళ్ల మాయ. మీరు కొనాల్సింది హెచ్‌డీ ఎల్‌ఎన్‌బీ ఒక్కటే."

ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ముందు బిగించే చిన్న పరికరం, ఉపగ్రహం సిగ్నల్‌ను అందుకుని కేబుల్లోకి పంపేది. ఈ సలహాలో ఒకటి రెండు చోట్ల కొంత నిజముంది. మిగతాదంతా తప్పు. తప్పుడు సలహాలు చాలానే తిరుగుతుంటాయి కానీ, ఇది చేసే నష్టం గోడల్లో ఉండిపోతుంది. దీన్ని నమ్మి ఇల్లు కట్టేటప్పుడే సన్నటి పైపులో ఒకే కేబుల్ వేయించుకుంటారు. ప్లాస్టరింగ్, రంగులు అయ్యాక రెండో గదిలో బాక్సు పనిచేయడం లేదని తెలుస్తుంది. అప్పుడు గోడ పగలగొట్టాలి, లేదా వైరు బయట వేలాడదీయాలి. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా స్ప్లిటర్ సంగతి. అసలు గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

మేడ మీద పెట్టే మామూలు టీవీ యాంటెన్నా విషయంలో ఈ సలహా సరైనదే. యాంటెన్నా అందుకున్న చానళ్లన్నీ ఒకేసారి కేబుల్లోకి వస్తాయి. ఏ టీవీకి కావలసింది ఆ టీవీ ఏరుకుంటుంది. ఆ అనుభవాన్నే జనం డిష్‌కూ వర్తింపజేస్తున్నారు. డిష్ కేబుల్లో జరిగేది అది కాదు. అక్కడ బాక్సు నుంచి పైకి ఆదేశం వెళ్తుంది, ఆ ఆదేశాన్ని బట్టి ఎల్‌ఎన్‌బీ కిందికి సిగ్నల్ పంపుతుంది.

ఎక్కువగా వాడే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీనే తీసుకుందాం. ఉపగ్రహం నుంచి వచ్చే ఫ్రీక్వెన్సీల పరిధి, అంటే కేయూ బ్యాండ్, 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. అదీ నిలువు, అడ్డం అని రెండు పోలరైజేషన్లలో, అంటే తరంగం ఊగే రెండు దిశల్లో వస్తుంది. రెండూ కలిపితే 4 గిగాహెర్ట్జ్ పైమాటే. ఎల్‌ఎన్‌బీ నుంచి బాక్సుకు వచ్చే కేబుల్లో వాడే పరిధి మాత్రం 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకే, అంటే 1.2 గిగాహెర్ట్జ్. మొత్తం అందులో పట్టదు. కాబట్టి దాన్ని నాలుగు భాగాలు చేశారు: నిలువులో లో బ్యాండ్, నిలువులో హై బ్యాండ్, అడ్డంలో లో బ్యాండ్, అడ్డంలో హై బ్యాండ్. ఏ క్షణంలోనైనా ఒక కేబుల్లో వచ్చేది వీటిలో ఒక్క భాగమే. ఏ భాగం కావాలో బాక్సే చెబుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం. దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ టోన్ పంపితే హై బ్యాండ్, పంపకపోతే లో బ్యాండ్.

ఇప్పుడు ఆ కేబుల్‌ను స్ప్లిటర్‌తో రెండు బాక్సులకు ఇచ్చామనుకోండి. హాల్లో ఒకరు వార్తలు చూస్తున్నారు, ఆ చానల్ నిలువులో ఉంది. బెడ్‌రూమ్‌లో ఇంకొకరు మ్యాచ్ పెట్టారు, అది అడ్డంలో ఉంది. ఒక బాక్సు 13, ఇంకోటి 18 పంపుతాయి. రెండు పోర్టులూ కరెంటును దాటనిచ్చే స్ప్లిటర్ అయితే ఎక్కువ వోల్టేజీదే పైచేయి. మ్యాచ్ వస్తుంది, హాల్లో వార్తలు పోయి 'నో సిగ్నల్' అని పడుతుంది. టోన్ విషయమూ అంతే, ఏ ఒక్క బాక్సు పంపినా ఎల్‌ఎన్‌బీ హై బ్యాండ్‌కు మారిపోతుంది. పక్క గదిలో చానల్ మారిస్తే ఇక్కడ బొమ్మ పోవడం, వాళ్లు ఇంకో చానల్ పెట్టగానే మళ్లీ రావడం అందుకే. ఇలాంటప్పుడు చాలామంది బాక్సు పాడైందనుకుని మార్చేస్తారు. టీవీ ఆపేసినా సమస్య పోకపోవచ్చు. టీవీ ఆఫ్ అయినా బాక్సు స్టాండ్‌బైలోనే ఉంటుంది, కొన్ని బాక్సులు ఆ స్థితిలో కూడా వోల్టేజీ పంపుతూనే ఉంటాయి.

స్ప్లిటర్ అసలే పనిచేయదా అంటే, పనిచేసే సందర్భాలు ఉన్నాయి. మీరు చూసే చానళ్లన్నీ ఆ నాలుగు భాగాల్లో ఒక్కదాంట్లోనే ఉంటే గొడవే లేదు. రెండు టీవీల్లోనూ బొమ్మ వస్తుంది. ఒక ఇంట్లో కుదిరిన ఈ అదృష్టమే మెసేజ్‌గా మారి ఊరంతా తిరుగుతుంది. అలాగే వైడ్‌బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ అని ఒక రకం ఉంది. అది ఒక పోలరైజేషన్ మొత్తాన్ని ఒక కేబుల్లో, రెండోదాన్ని ఇంకో కేబుల్లో పంపుతుంది, మార్పిడి ఆదేశాలతో పని లేదు. అక్కడ స్ప్లిటింగ్ సాధ్యమే. కానీ దానికి రెండు కేబుళ్లు కావాలి, దాన్ని అర్థం చేసుకునే బాక్సులూ కావాలి. మెసేజ్ చెప్పేది ఇది కాదు.

కాబట్టి ఎక్కువ అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ మాయ కాదు, ఒక్కో బాక్సుకు సొంత దారి ఇచ్చే పరికరం. ట్విన్‌కు రెండు, క్వాడ్‌కు నాలుగు, ఆక్టోకు ఎనిమిది అవుట్‌పుట్‌లు. ఏ అవుట్‌పుట్ అయినా నాలుగు భాగాల్లో ఏదడిగితే అది ఇస్తుంది, పక్కదానితో సంబంధం లేకుండా. అయితే కొనేముందు ఒక జాగ్రత్త. క్వాడ్, క్వాట్రో అని రెండున్నాయి. రెండింటికీ నాలుగు అవుట్‌పుట్‌లే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. క్వాట్రోలో మాత్రం ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక్కో భాగం స్థిరంగా కేటాయించి ఉంటుంది. దాన్ని మల్టీస్విచ్‌కే కలపాలి, అంటే నాలుగు భాగాలనూ తీసుకుని ఏ బాక్సు ఏదడిగితే దానికి అది ఇచ్చే పరికరానికి. నేరుగా బాక్సుకు కలిపితే పావు వంతు చానళ్లే దొరుకుతాయి, మిగతావి ఎంత వెతికినా రావు. గదులు బాగా ఎక్కువుంటే, లేదా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డిష్ అయితే క్వాట్రో, మల్టీస్విచ్ జోడీయే సరైన పద్ధతి.

ఎన్ని అవుట్‌పుట్‌లు కావాలో లెక్కించేటప్పుడు టీవీలను కాదు, ట్యూనర్లను, అంటే బాక్సు లోపల చానల్‌ను పట్టే భాగాలను లెక్కపెట్టాలి. ఒక చానల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేసే బాక్సులో రెండు ట్యూనర్లు ఉంటాయి, కాబట్టి మామూలుగా దానికి రెండు కేబుళ్లు కావాలి. ఒకటే ఇస్తే రికార్డింగ్ జరుగుతున్నప్పుడు కొన్ని చానళ్లు పెట్టనివ్వదు. అలాంటి బాక్సు ఒకటి, మామూలు బాక్సులు రెండు ఉన్న ఇంట్లో టీవీలు మూడే అయినా క్వాడ్ అవసరం. పే చానళ్లకైతే ప్రతి బాక్సుకూ సర్వీసు వాళ్ల అనుమతి విడిగా ఉండాలన్నది వేరే విషయం.

యాంప్లిఫయర్ సలహా దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది వినడానికి చాలా సబబుగా ఉంటుంది. బొమ్మ ముక్కలవుతోంది, సిగ్నల్ తక్కువేమో, పెంచుదాం. కానీ యాంప్లిఫయర్ సిగ్నల్‌తో పాటు అందులో ఉన్న నాయిస్‌నూ, అంటే అక్కర్లేని అలజడినీ అంతే పెంచుతుంది, పైగా తన నాయిస్ కొంత కలుపుతుంది. బాక్సు మెనూలో రెండు గీతలు కనిపిస్తాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. యాంప్లిఫయర్ పెడితే స్ట్రెంగ్త్ గీత నిండుతుంది. బొమ్మ ఆధారపడేది క్వాలిటీ మీద, అది కదలదు. ఒక్కోసారి మరీ బలమైన సిగ్నల్ వల్ల ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై క్వాలిటీ ఇంకా పడిపోతుంది. క్వాలిటీ పెరగాలంటే డిష్‌ను సరిగ్గా తిప్పాలి, ఎల్‌ఎన్‌బీ కోణం చూడాలి, అడ్డొచ్చే కొమ్మలు కొట్టించాలి, నీళ్లు దిగిన కనెక్టర్లు మార్చాలి.

ఎస్‌డీ చానళ్లు బాగానే వస్తున్నాయి, హెచ్‌డీలే ఆగుతున్నాయి అనే ఫిర్యాదు మీరూ వినే ఉంటారు. హెచ్‌డీ చానళ్లను ఎక్కువగా డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార పద్ధతిలో, 8పీఎస్‌కే మాడ్యులేషన్‌తో (డేటాను తరంగం మీదికి ఎక్కించే ఒక తీరు) పంపుతారు. అందులో అంతే స్థలంలో ఎక్కువ డేటా పడుతుంది, దానికి తగ్గట్టు ఇంకా శుభ్రమైన సిగ్నల్ కావాలి. తప్పులు దిద్దే అదనపు డేటా వాటా ఒకేలా (కోడ్ రేటు 3/4) ఉంచి పోల్చితే, డీవీబీ-ఎస్2లోనే తక్కువ డేటా పట్టే క్యూపీఎస్‌కే తీరుకు నాయిస్ కంటే సిగ్నల్ సుమారు 4 డెసిబెల్స్ ఎక్కువుంటే చాలు, 8పీఎస్‌కేకు దాదాపు 8 కావాలి. డిష్ కాస్త పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముందుగా దెబ్బతినేది హెచ్‌డీయే. ఆ లోటును యాంప్లిఫయర్ పూడ్చలేదు.

యాంప్లిఫయర్‌కూ ఒక చోటుంది. కేబుల్ చాలా పొడవైనప్పుడు, అదీ నాయిస్ చేరకముందే, ఎల్‌ఎన్‌బీకి దగ్గరగా పెట్టాలి. అంతకంటే ముందు కేబుల్ సంగతి చూడండి. మంచి ఆర్‌జీ-6 కేబుల్లో కూడా 2150 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 30 డెసిబెల్స్ పోతాయి. పాత ఆర్‌జీ-59లో ఇంకా ఎక్కువ. లోపలి తీగ పూర్తి రాగిదై ఉంటే మంచిది. రాగి పూత పూసిన ఉక్కు తీగకు నిరోధం ఎక్కువ, దూరం పెరిగితే 18 వోల్టులు పైకి చేరేసరికి తగ్గిపోతాయి.

ఇక ఒకే బాక్సు, హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. ఇది పనిచేస్తుంది, అన్ని గదుల్లోనూ ఒకే చానల్ చూడ్డానికి ఇష్టపడితే. వేర్వేరు గదుల్లో టీవీలు పెట్టుకునేదే వేర్వేరువి చూడ్డానికి కదా! బాక్సు హాల్లో ఉంటే బెడ్‌రూమ్ నుంచి మామూలు రిమోట్ పనిచేయదు, ఇన్‌ఫ్రారెడ్ కిరణం గోడ దాటదు. టీవీలు ఒకే స్థాయివి కాకపోతే బాక్సు తరచూ అన్నిటికీ సరిపోయే తక్కువ స్థాయికి దిగుతుంది. కాపీ రక్షణ కోసం పెట్టిన హెచ్‌డీసీపీ ఏదో ఒక టీవీతో కుదరకపోతే నల్ల తెర. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను 10 మీటర్లు దాటి లాగితే నమ్మకం తక్కువ. అంతకంటే దూరానికి హెచ్‌డీబేస్‌టీ పరికరాలు ఉన్నాయి, నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా పంపుతాయి. వాటితోనూ చూసేది ఒకే బాక్సులోని ఒకే చానల్.

పసుపు వైరు గురించి లెక్క చాలు. హెచ్‌డీ బొమ్మ 1920 చుక్కలు అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20,73,600. పసుపు వైరులో వెళ్లే కాంపోజిట్ బొమ్మ మహా అయితే 720 చుక్కలు, 576 గీతలు, అంటే 4,14,720. సరిగ్గా అయిదో వంతు. పైగా వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి పోవడం వల్ల అంచులు మసకబారతాయి. టీవీ ఆ బొమ్మను సాగదీసి తెర నింపగలదు, పోయిన వివరాన్ని పుట్టించలేదు.

హెచ్‌డీ ఎల్‌ఎన్‌బీ అన్నది డబ్బా మీద వేసుకునే మాట. ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీని తగ్గించి కిందికి పంపుతుందంతే, అందులో ఉన్నది హెచ్‌డీయో ఎస్‌డీయో దానికి తెలియదు. తెలియాల్సింది బాక్సుకు. అది డీవీబీ-ఎస్2 పట్టగలగాలి, హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి) విప్పగలగాలి.

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లు చేయాల్సింది ఒకటే. డిష్ పెట్టే చోటు నుంచి, లేదా మల్టీస్విచ్ పెట్టే చోటు నుంచి ప్రతి గదికీ విడిగా రెండు ఆర్‌జీ-6 కేబుళ్లు, ఒక క్యాట్-6 (నెట్‌వర్క్) కేబుల్ వేయించండి. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కాదు, అన్నీ ఒకే చోట కలిసేలా. పైపు కాస్త పెద్దదే వేయమనండి. ఎలక్ట్రీషియన్ ఒక కేబుల్ చాలంటాడు, వినకండి.

ఇప్పటికే ఒకే కేబుల్‌తో ఇరుక్కున్నవాళ్లకూ దారి ఉంది, కానీ అది స్ప్లిటర్ ఒక్కటే కాదు. యూనికేబుల్ పద్ధతిలో ఎల్‌ఎన్‌బీయో స్విచ్చో ప్రతి ట్యూనర్‌కూ ఒక సొంత ఫ్రీక్వెన్సీ కేటాయించి, అడిగిన చానల్‌ను ఆ చోట పెట్టి పంపుతుంది. 2007 నాటి ఈఎన్ 50494 ప్రమాణంలో ఒక కేబుల్‌పై 8 ట్యూనర్ల దాకా, తర్వాత వచ్చిన ఈఎన్ 50607లో 32 దాకా నడుస్తాయి. దీనికి వాడే స్ప్లిటర్ కూడా అన్ని పోర్టుల్లోనూ కరెంటును దాటనిచ్చేది, ఒక బాక్సు కరెంటు ఇంకోదాంట్లోకి పోకుండా డయోడ్లు ఉన్నది కావాలి. కేటాయించిన ప్రతి ఫ్రీక్వెన్సీకీ ఒక నంబరు ఉంటుంది. రెండు బాక్సులకు ఒకే నంబరు ఇస్తే మళ్లీ పాత గొడవే, కాబట్టి ఏ గదికి ఏ నంబరో రాసి పెట్టుకోండి. ఏదైనా కొనేముందు మీ బాక్సు ఇన్‌స్టలేషన్ మెనూలో యూనికేబుల్ అనో ఎస్‌సీఆర్ అనో ఉందేమో చూడండి. లేకపోతే ఆ ఎల్‌ఎన్‌బీ తెచ్చినా బాక్సు దాన్ని గుర్తించదు, బాక్సు కూడా మార్చాల్సి వస్తుంది.