నెలన్నర టీకా రోజున తల్లికీ షుగర్ పరీక్ష చేయాలి

“వాళ్ల వంశమే అంత. అచ్చం మేనమామ పోలిక.” ఎనిమిదేళ్ల పిల్లాడు రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడుతుంటే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ఇది. రెండో మాట, “ఎప్పుడూ ఆ ఫోనూ, ఆ చిప్స్ ప్యాకెట్టూ.” మొదటి మాటలో తప్పు తాతముత్తాతలది, రెండో మాటలో తప్పు పిల్లాడిది. వంశానికీ చిప్స్ ప్యాకెట్టుకీ నడుమ తొమ్మిది నెలలు ఉన్నాయి. ఆ తొమ్మిది నెలల్లో తల్లి రక్తంలో చక్కెర ఎంత ఉందో ఎవరూ అడగరు. పిల్లల ఊబకాయం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. పైగా మనం ఏదైనా చేయగలిగింది కూడా అక్కడే.

జన్యువుల సంగతి కొట్టిపారేయడానికి లేదు. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలించి 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దయ్యాక వాళ్ల ఒంటి బరువు కన్నవాళ్ల పోలికలోనే ఉంది, పెంచినవాళ్ల పోలిక రాలేదు. 2007లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఎఫ్‌టీఓ అనే జన్యువును పట్టుకున్నారు. అందులో బరువు పెంచే రూపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చినవాళ్లు, అది అసలు లేనివాళ్ల కంటే సగటున మూడు కిలోలు ఎక్కువ ఉన్నారు. అంత పేరు మోసిన జన్యువు చేసేది మూడు కిలోల తేడా. ఇలాంటివి వందల కొద్దీ కలిస్తేనే ‘వంశం’ అనే మాటకు బలం వస్తుంది. సరే, అదీ ఒప్పుకుందాం. కానీ ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవాళ్లు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019-21 సర్వేకు 3.4 శాతం. నాలుగైదేళ్లలో ఏ వంశమూ మారిపోదు కదా.

ఈ చిక్కుముడి విప్పిన పరిశోధన గురించి తెలిశాక నా ఆలోచనే మారిపోయింది. అమెరికాలోని అరిజోనాలో హీలా నది ప్రాంతంలో పీమా ఆదివాసులు ఉంటారు. టైప్-2 మధుమేహం ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న జనాల్లో వాళ్లూ ఉన్నారు. 1965 నుంచి అక్కడి కుటుంబాలను ప్రభుత్వ పరిశోధకులు తరాల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. అందువల్ల ఏ తల్లికి ఎప్పుడు షుగర్ వచ్చిందో, ఏ బిడ్డ దానికి ముందు పుట్టిందో, ఏ బిడ్డ తర్వాత పుట్టిందో వాళ్ల దగ్గర లెక్క ఉంది. 2000లో డానా డాబెలియా బృందం ఆ లెక్కలు తీసి తోబుట్టువులను తోబుట్టువులతోనే పోల్చింది. అదే అమ్మ, అదే నాన్న, అదే వంశం. తల్లికి షుగర్ వచ్చాక కడుపున పడ్డ పిల్లల బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క), అంతకుముందు పుట్టిన వాళ్ల అన్నలు, అక్కల కంటే సగటున 2.6 ఎక్కువగా ఉంది. మధుమేహం వచ్చే ముప్పు దాదాపు 3.7 రెట్లు ఉంది.

ఆ బృందం అక్కడితో ఆగలేదు. తండ్రికి షుగర్ రాకముందు పుట్టిన పిల్లలను, వచ్చాక పుట్టిన పిల్లలను కూడా పోల్చి చూసింది. అక్కడ తేడా కనిపించలేదు. తల్లిదండ్రుల వయసు పెరగడమో, ఇంట్లో తిండి మారడమో కారణమైతే తండ్రి విషయంలోనూ ఆ తేడా రావాలి. రాలేదంటే దాని మూలం గర్భంలోనే ఉంది. అదొక్క తెగకే పరిమితమైన విషయం అనడానికీ వీల్లేదు. స్వీడన్‌లో 18 ఏళ్లకు సైన్యం కోసం కొలతలు తీసిన సుమారు 2.8 లక్షల మంది యువకుల వివరాలతో 2011లో ఇలాంటి అధ్యయనమే చేశారు. అన్నదమ్ముల్లో, తల్లికి షుగర్ ఉన్నప్పుడు కడుపులో పెరిగినవాడే లావుగా ఉన్నాడు.

ఇదెలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడుతున్న చక్కెరను సర్దుకోవడానికి ఆ గుప్పెడంత ప్రాణం తన క్లోమంతోనే ఇన్సులిన్ తయారు చేసుకోవాలి. ఆ ఇన్సులిన్ చక్కెరను కొవ్వుగా మార్చి దాచిపెడుతుంది. కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే చెప్పిన మాట ఇది.

మన దేశంలో ఇంకో తిరకాసు ఉంది. షుగర్ ఉన్న తల్లికి నాలుగు కిలోల బిడ్డ పుడుతుందని అందరూ ఎదురుచూస్తారు. మూడు కిలోల లోపే ఉంటే హమ్మయ్య అనుకుంటారు. పుణె దగ్గరి పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మామూలు తల్లుల బిడ్డలను కొలిచింది. వాళ్ల సగటు బరువు 2.7 కిలోలు, బ్రిటన్ బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో తక్కువున్నది ఎక్కువగా కండే, చర్మం కింద కొవ్వు పెద్దగా తగ్గలేదు. కాబట్టి పురిటి గదిలోని తక్కెడను నమ్ముకుంటే మోసపోతాం. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1997-98లో మొదలైన అధ్యయనం అక్కడ పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి వెంటాడింది. గర్భంలో షుగర్ వచ్చిన తల్లుల పిల్లల్లో, ఐదేళ్ల వయసుకు ఆడపిల్లల్లో కొవ్వు ఎక్కువగా కనిపించింది. తొమ్మిదిన్నరేళ్లకు ఆ ఆడపిల్లల్లో కొవ్వూ ఇన్సులినూ రెండూ పెరిగి ఉన్నాయి.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు ఉన్నారు. తల్లి ముందునుంచే లావుగా ఉంటే ఆ ప్రభావాన్ని తీసేసి చూసినప్పుడు షుగర్ పాత్ర తగ్గుతుందని అంటారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో గర్భిణుల షుగర్‌కు చికిత్స చేస్తే పుట్టినప్పటి బరువు అదుపులోకి వచ్చింది గానీ, నాలుగైదేళ్ల తర్వాతా, ఇంకా ఆ పైనా పిల్లల ఊబకాయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని గుర్తు చేస్తారు. నిజమే. కానీ ఆ చికిత్స మొదలైంది ఆరో నెల దాటాక. బిడ్డ క్లోమం అంతకు చాలా ముందే పని మొదలుపెడుతుంది. ఆలస్యంగా వెళ్లి ఫలితం రాలేదంటే, ఇంకా ముందు వెళ్లాలనేగా అర్థం?

ముందు వెళ్లే దారి మన పక్క రాష్ట్రం నుంచే వచ్చింది. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో గర్భిణి పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ పొడిని ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర 140 చేరితే షుగర్ ఉన్నట్టే. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. ఆ గ్లాసు తాగడం ఎంత కష్టమో తాగినవాళ్లకే తెలుసు. వేవిళ్లతో ఉన్న పిల్ల సగం తాగేసరికి కడుపులో తిప్పుతుంది, అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ రావాలి. కూలి పోగొట్టుకుని, ఆటో ఎక్కి వచ్చిన మనిషి మర్నాడు మళ్లీ వస్తుందా? అందుకే మొదటి రోజే ఆమెను కూర్చోబెట్టి, బిస్కెట్టు కాకుండా నాలుగు మంచి మాటలు చెప్పి, ఆ రెండు గంటలు దాటించగలిగే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చేతిలోనే ఈ పరీక్ష భవిష్యత్తు ఉంది.

ఇక నాకు నిజంగా కడుపు మండే విషయానికొస్తాను. మన వ్యవస్థకు ఆడమనిషి గుర్తుండేది కడుపులో బిడ్డ ఉన్నంత కాలమే. మా పిన్ని కూతురికి మొదటి కాన్పులో షుగర్ వచ్చింది. ఏడో నెల నుంచి పొట్ట మీద ఇన్సులిన్ సూదులు పొడుచుకుంది, రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని నోటు పుస్తకంలో రాసుకుంది. కాన్పు అయిన మూడో రోజు డాక్టరమ్మ “ఇంక పర్లేదమ్మా, తగ్గిపోయింది” అంది. ఆ పుస్తకం బీరువాలోకి వెళ్లింది. తర్వాత మూడేళ్లలో ఆమెను ఒక్కరూ పరీక్షకు రమ్మనలేదు. బిడ్డకు మాత్రం ప్రతి టీకాకూ ఫోన్లు వచ్చాయి. రెండోసారి నెల తప్పి ఎనిమిదో వారంలో వెళ్తే అప్పటికే షుగర్ 200 దాటి ఉంది. అంటే రెండో బిడ్డ కడుపున పడిన రోజునే ఆ చక్కెర అక్కడ ఉంది. పీమా తోబుట్టువుల కథ మా ఇంట్లోనే మొదలైంది.

గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు, రానివాళ్లతో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం 2019-21 సర్వే నాటికే అధిక బరువుతో ఉన్నారు. అయినా మనం చేసేది నిందించడమే. “స్వీట్లు మానలేదు, అందుకే బిడ్డ అలా పుట్టాడు” అని అత్తగారు అంటుంది. సీమంతంలో చలిమిడి ముద్ద, లడ్డూ నోట్లో పెట్టింది ఆ చేతులే. ఇద్దరి కోసం తినమన్నదీ ఆ ఇల్లే. ఆ అమ్మాయి పదిహేనేళ్లప్పుడు ఆడుకోవడానికి గ్రౌండ్ ఇవ్వని స్కూలును, పెళ్లయ్యాక ఒక అరగంట నడిచొస్తానంటే ఒప్పుకోని ఇంటిని ఎవరూ ఏమీ అనరు. బిడ్డ ఊబకాయానికి తల్లిని దోషిని చేయడానికి ఈ పరిశోధనలను వాడితే అది ఘోరం. ఇవి చెబుతున్నది ఆమెను బాగా చూసుకోమని, అదీ కడుపు పండక ముందు నుంచీ, పండిన తర్వాత కూడా.

కాన్పు తర్వాత ఆరు వారాలకు తల్లికి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలని మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకు నెలన్నర టీకా పడుతుంది. బుధవారమో శనివారమో తల్లి చంటిబిడ్డను చీర కొంగులో చుట్టుకుని ఉపకేంద్రానికి వస్తుంది, బెంచీ మీద తన వంతు కోసం కూర్చుంటుంది, టీకా అయ్యాక బిడ్డకు పాలిచ్చి, ఏడుపు ఆపి, జ్వరం మాత్ర తీసుకుని వెళ్తుంది. రాష్ట్ర ఆరోగ్య శాఖలు చేయాల్సింది ఒక్కటే. ముందు రోజు ఆశా కార్యకర్త “బిడ్డకు టీకా ఉంది, నీకూ పరీక్ష ఉంది, పొద్దున్నే రా” అని చెప్పాలి. ఆ బల్ల మీద టీకా డబ్బా పక్కనే ఒక గ్లూకోజ్ ప్యాకెట్టూ, గ్లూకోమీటరూ పెట్టాలి. తల్లి రీడింగు కూడా రాశాకే ఆ రోజు ఆ ఇద్దరి పేర్లకు టిక్కు పెట్టాలి.