గోలీ పెంచే ముందు బీడీ, కల్లు లెక్క అడగాలి

"సార్, ఇంకా చెవుల్ల మాటలు వినబడుతున్నయంటున్నడు, పవర్ పెంచుండ్రి." మానసిక జబ్బుకు మందు మొదలుపెట్టి వారం తిరక్కముందే ఇంటివాళ్లు అడిగేది ఇదే. నల్లగొండైనా పాలమూరైనా ఓపీ రద్దీలో పెంచి రాయడమే సులువు. చాలాసార్లు అదే తప్పు.

ఈ జబ్బుకిచ్చే రిస్పెరిడోన్‌ గోలీనే తీసుకుందాం. తొలిసారి సైకోసిస్ (లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు) వచ్చినవారికి రోజుకు 1 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా 2 నుంచి 4 దాకా తీసుకెళ్తే ఎక్కువమందికి సరిపోతుంది. 6 దాటితే గుణం పెద్దగా పెరగదు. వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం పెరుగుతాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాల్లో సుమారు 65 శాతాన్ని మందు ఆక్రమిస్తే పని మొదలవుతుంది, 80 దాటితే ఈ బాధలు మొదలవుతాయి. ఆ మధ్య సందు ఇరుకు. నిద్ర, ఆవేశం ముందే కుదుటపడ్డా, అనుమానాలూ మాటలు వినబడటమూ తగ్గడానికి సరైన డోసులోనే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకీ రవ్వంత మార్పు లేకపోతే అప్పుడు ఆలోచించాలి, అదీ గోలీలు నిజంగా మింగుతున్నాడని తేలాకే.

అందరినీ మోసం చేసేది అకతీసియా, ఈ మందుల వల్లే వచ్చే ఇబ్బంది. కాళ్లకు కుదురుండదు, కూర్చోలేడు, తిరుగుతూనే ఉంటాడు. చూసేవారికి జబ్బు ముదిరినట్టుంటుంది. డోసు పెంచితే తిరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. తగ్గించాలి, లేదా ప్రొప్రనొలాల్ లాంటిది జోడించాలి.

ఇక బీడీ. ఇదే జబ్బుకిచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్‌ మందులను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును పొగ రెచ్చగొడుతుంది. రోజుకో కట్ట కాల్చేవాడికి అదే డోసు చాలదు. అతనే వార్డులో చేరి బీడీ మానితే కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పెరిగి మత్తులో పడిపోతాడు. క్లోజపిన్‌తో ఫిట్సూ రావొచ్చు. పని పొగది, నికోటిన్‌ది కాదు, కాబట్టి జర్దా నమిలేవారికి ఈ లెక్క లేదు.

కల్లు సంగతి ఇంకా తిరకాసు. ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానితే కొద్ది రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం మొదలవుతాయి. దాన్ని సైకోసిస్ అనుకుని ఈ మందులే పెంచితే ఫిట్స్ ముప్పు ఎక్కువవుతుంది. డైజిపామ్ లాంటిది ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ముంబై, పుణె పనులకు వలసపోయేవారికి డోసు కన్నా ముందు గోలీలు అందడమే సమస్య. రోజూ గోలీల బదులు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్ గురించి వాళ్లతో ముందే మాట్లాడాలి. క్లోజపిన్ 48 గంటలు మించి ఆగితే పాత డోసు వేసుకోకూడదు, 12.5 మి.గ్రా. నుంచి డాక్టరే మళ్లీ ఎక్కించాలి.

ఓపీ చీటీలో డోసు పక్కనే బీడీల లెక్క, కల్లు అలవాటు, ఆఖరి గోలీ వేసుకున్న తేదీ రాయడం జిల్లా ఆసుపత్రుల్లో తప్పనిసరి చేయాలి. రెండు నిమిషాల పని.