‘కోడ్ జోలికి పోకండి’ అంటూ ఫార్వర్డ్ చేస్తున్న మిత్రులకు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. ‘ఎవరైనా తమ వెబ్‌సైట్ చూసి చెప్పమంటే పాటించాల్సిన అయిదు సూత్రాలు’. కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఒకటి, అమలాపురం వ్యాపారుల గ్రూపులో ఒకటి, మా బావమరిది దగ్గర్నుంచి రెండు. కింద ‘పది మందికి పంపండి’ అని ఉంది కదా, పంపారు. ఇక నా మాటా వినండి.

ఒకటి: ముందు పొగుడు, మధ్యలో తప్పు చెప్పు, చివర మళ్ళీ పొగుడు. అంటే తప్పుని పూతరేకులో మడిచి ఇవ్వడం. తిన్నవాడికి తీపే గుర్తుంటుంది, లోపల మీరు దాచింది గుటుక్కున మింగేస్తాడు. బాగున్నది ఉంటే బాగుందనండి. లేనిది తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

రెండు: లోగో పెద్దది చెయ్యమనండి, ఓనరుకి నచ్చుతుంది. ఆయ్, నచ్చుతుందండి.

మూడు: ‘నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి చాలు, కారణం డిజైనరే వెతుక్కుంటాడు.’ భీమవరం వైపు చెరువు గట్టు మీద నిలబడి ‘రొయ్య బాలేదు’ అని ఊరుకునే రైతుని ఒక్కణ్ణి చూపించండి. మేత మిగులుతోందా, పైకి తేలుతోందా, పెంకు మెత్తబడిందా, అన్నీ చెప్తాడు. సైటు దగ్గరికి వచ్చేసరికి ‘ఫాంట్ బాలేదు’. సైటు చేసే కుర్రాడు మండలి అనే తెలుగు ఫాంట్ తీసి రామభద్ర అనే ఇంకోటి పెడతాడు, మళ్ళీ బాలేదంటారు. అసలు తేడా వరసల మధ్య ఎడంలో ఉంది. ఇంగ్లీషుకి సరిపోయే 1.2 లైన్ హైట్ (అక్షరం సైజుకి 1.2 రెట్లు) తెలుగుకి పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ‘“మా గురించి” పేజీలో ఒత్తులు కింది వరసకి తగులుతున్నాయి, 1.6 పెట్టి చూడు’ అంటే అది రెండు నిమిషాల పని.

ఇక నాలుగు. నాకు ఒళ్ళు మండింది దీనికే. ‘కోడ్ జోలికి పోకండి. కస్టమర్ చూసేది రంగులూ బొమ్మలే.’

చూసేది! పాలకొల్లులో మా మావయ్యకి నీటికాసులతో చూపు పోయింది. ఫోన్‌లో టాక్‌బ్యాక్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివే సదుపాయం, పెట్టుకుని వింటాడు, నేను చదివేదానికన్నా వేగంగా. మొన్న పెరట్లోకి గంగాబొండాం మొక్కలు కావాలని కడియం వైపు ఒక నర్సరీ సైటు తెరిచాడు. ఫోన్ ఏం చదివిందో తెలుసా? ‘ఐఎంజీ అండర్‌స్కోర్ నాలుగు నాలుగు ఏడు ఒకటి.’ తర్వాత ‘నాలుగు నాలుగు ఏడు రెండు.’ ‘ఒరేయ్, ఇది మొక్కల కొట్టా, లారీ ఆఫీసా?’ అన్నాడు.

ఆ సైటు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ మొక్కల ఫొటోలకి ఆల్ట్ లేదు, అంటే బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే వరస కోడ్‌లో రాయలేదు. అందుకే ఫోన్ ఫైలు పేరు చదివింది. ధరల పట్టిక మొత్తం ఒకే ఫొటో. రేటు మారినప్పుడల్లా ఫొటో మళ్ళీ చేయాలి, చూపున్నవాడు కూడా వేళ్ళతో సాగదీసి చదవాలి, వెతికితే దొరకదు. ఆర్డర్ బటన్ అసలు బటనే కాదు, రంగు పూసిన డివ్, అంటే కోడ్‌లో ఒట్టి డబ్బా, లోపల బండి బొమ్మ. కీబోర్డ్‌తో దాని దగ్గరికి వెళ్ళలేం. కోడ్‌లో బటన్‌ని బటన్ అనే రాసుంటే బ్రౌజరే ఆ చాకిరీ ఊరికే చేసిపెట్టేది. పేరు, ఊరు రాసే గళ్ళకి లేబుల్ లేదు, ఏ గడిలో ఏం రాయాలో ఫోన్ చెప్పలేదు. పేజీ అంతా తెలుగు, కోడ్‌లో పైన భాష మాత్రం ఇంగ్లీషని రాసి ఉంది.

ఇవేవీ రంగులు చూస్తే కనపడవు. కోడ్ జోలికి పోవాల్సిందే. బొమ్మకి బదులు మాట ఇవ్వమని 1999లో వచ్చిన డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు) మొదటి వెర్షన్‌లో మొట్టమొదటి నియమమే చెప్పింది. అలాగని కనిపించిన ప్రతి బొమ్మకీ వ్యాసం రాయమనకండి. అలంకారానికి పెట్టిన ఆకు బొమ్మకి ఆల్ట్ ఖాళీగా వదలడమే పద్ధతి. ఈ తేడా చెప్పగలిగితే మీరు నిజంగా సైటు చూసినట్టు. లేకపోతే కవరు చూసి కానుక మెచ్చుకున్నట్టే.

అయిదు: ‘తప్పులు నలుగురిలో చెప్పకండి, విడిగా చెప్పండి.’

ఇది రైటు. రైటని నేనే ఒప్పుకోవాల్సి రావడం చిరాకుగా ఉంది, కానీ రైటు. ఎందుకంటే ఆ నర్సరీ సైటు చేసింది మా ఊరి కుర్రాడే. డిగ్రీ అయ్యాక అతను చేసిన మొదటి సైటు. మావయ్య సంగతి విన్న కోపంలో వాలిడేటర్ (కోడ్‌లో తప్పులు పట్టే సాధనం) చూపించిన 27 తప్పుల్ని స్క్రీన్‌షాట్ తీసి వ్యాపారుల గ్రూపులో పడేశాను. అందులో సగం కోడ్‌లో తెరిచిన ఒకే ట్యాగు (గుర్తు) మూయకపోవడం వల్ల వచ్చినవి. అది నాకు తెలుసు, అయినా పెట్టాను. అతను గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. రావులపాలెం బస్టాండులో ఎదురైతే పక్కకి చూశాడు.

నిన్న రాత్రి అతనికి విడిగా రాశాను: ‘ఆరోజు గ్రూపులో అలా పెట్టడం నాదే తప్పు తమ్ముడూ. మూడే మార్పులు. ధరల్ని ఫొటోలోంచి టేబుల్‌లోకి తే. డివ్ తీసి బటన్ పెట్టు, దాని మీద ఆర్డర్ అని రాయి. తెల్లటి నేల మీద లేతాకుపచ్చ అక్షరాలు ఆనట్లేదు, రెంటి మధ్య వెలుగు తేడా, అదే కాంట్రాస్ట్, 1.4 వస్తోంది, 4.5 కావాలి. 008000 నంబరు ఆకుపచ్చ వాడితే 5 దాటుతుంది, సైటు రంగూ మారదు.’

నీలం టిక్కులు రెండూ పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.